కన్నప్ప కాలు ఎలా గీయాలి?

తిరుపతిలో మా అబ్బాయి డ్రాయింగ్ పుస్తకం తిరగేశాను. మొనదేలిన రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద గుడిసె. వాడి క్లాసు కిటికీ తెరిస్తే శేషాచలం రాతిగోడలా నిలబడి కనిపిస్తుంది. వాడు చూసింది గీయలేదు, విన్నదీ గీయలేదు. బోర్డు మీదున్నది దించుకున్నాడు.

ఇక్కడికి నలభై కిలోమీటర్లు కూడా లేని శ్రీకాళహస్తిలో, గుడ్డ మీద బొమ్మలు వేసే కలంకారీలో, బొమ్మ నేర్పిందే కథ. కరక్కాయ రసం, పాలలో నానబెట్టిన గుడ్డ మీద చింతబొగ్గుతో గీత మొదలయ్యే సరికే ఏ ఘట్టం నడుమ రావాలో, ఏవి చుట్టూ చిన్న గళ్లలో నడవాలో కళాకారుడికి తెలుసు. బొమ్మల కింద తెలుగులో కథ రాసేవారు. దేవుడికి నీలం, రాక్షసుడికి ఎరుపు. రంగును బట్టే పాత్రను పోల్చుకోవచ్చు. 1950ల్లో ఈ విద్య అంతరించే దశలో ఉంటే చేతివృత్తులను నిలబెట్టడానికి పనిచేసిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలోనే శిక్షణ మొదలైంది. అలా నిలబడ్డ విద్యలో ఇప్పుడు ఎక్కువ గిరాకీ చీరల మీద నెమళ్లకి, పూలకి. కడుపు నిండాలి కాబట్టి తప్పుపట్టను. కానీ నేర్చుకునే పిల్లలకీ నెమలే మొదటి పాఠమైతే చెయ్యి తిరుగుతుంది, ఊహ తిరగదు.

కన్నప్పనే తీసుకోండి. లింగం కంట రక్తం. బాణంతో తన కన్ను పెకిలించి పెట్టాడు. లింగం రెండో కన్నూ కారింది. తన రెండోదీ ఇచ్చేస్తే చోటు కనబడదని, గుర్తుకు తన కాలిని శివుడి కంటి మీద ఆనించాడు. ఈ ఘట్టంలో ఏ క్షణం గీయాలి? బాణం ఎత్తిన చెయ్యా, ఆపడానికి వచ్చిన శివుడి చెయ్యా? దేవుడి మీద పెట్టిన కాలు అపచారంలా కాక ప్రేమలా కనబడాలంటే వేళ్లు ఎలా వంగాలి? కూర్పు, అనుపాతం, భావం అన్నీ ఈ ఒక్క ప్రశ్నలోనే ఉన్నాయి. మన బడుల్లో కథ తెలుగు పీరియడ్‌కి, బొమ్మ డ్రాయింగ్ పీరియడ్‌కి పోయాయి. రెండూ ఒకే గంటలో, ఒకే టీచర్ దగ్గర కలవాలి.

గంగమ్మ జాతరలో మన పిల్లలు బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్లగా పూసుకుంటారు, బండ వేషానికి కుంకుమ. కథను బట్టి రంగు మారుతుందని వాళ్ల ఒంటికే తెలుసు. కాగితం దగ్గరికి వచ్చేసరికి అడిగేవాళ్లే లేరు.

ఆ రాత్రి మావాడికి కన్నప్ప కథ చెప్పాను. "కాలు పెడితే స్వామికి నొప్పెయ్యలేదా నాన్నా?" అన్నాడు. పొద్దున్నే బొమ్మ చూపించాడు. పేజీలో సగం కాలే ఉంది. బొటనవేలు మాత్రం లింగానికి తగిలీ తగలకుండా పైకి లేచి ఉంది.