రోల్డ్ డాల్ పుస్తకాలను బ్రిటన్ నిషేధించిందా?

2023 నుంచి వాట్సాప్‌లో తిరుగుతున్న మాట ఇది: “బ్రిటన్ ప్రభుత్వం రోల్డ్ డాల్ పిల్లల పుస్తకాలను నిషేధించింది. నెట్‌ఫ్లిక్స్ కొన్నాకే ఈ గొడవ. ఆ కథల జోలికి ఎవరైనా వెళ్లడం ఇదే మొదలు. పాత పాఠం ఇక దొరకదు.” బ్రిటిష్ రచయిత డాల్ కథల్లో, ఎవరినైనా నొప్పిస్తాయనుకున్న మాటలను కొత్త ప్రతుల్లో మార్చిన మాట నిజం. పై నాలుగు మాటలూ తప్పులే.

“ప్రభుత్వం నిషేధించింది.” చట్టం లేదు, ఉత్తర్వు లేదు. హక్కులున్న రోల్డ్ డాల్ స్టోరీ కంపెనీ, ప్రచురణకర్త పఫిన్ (పెంగ్విన్ సంస్థ పిల్లల పుస్తకాల విభాగం) కలిసి దిద్దారు. అప్పటి ప్రధాని రిషి సునాక్ ప్రతినిధి అయితే ఆ దిద్దుబాట్లను తప్పుపట్టారు కూడా. అసలు పట్టు కాపీరైట్‌లో ఉంది. డాల్ 1990లో చనిపోయారు. రచయిత పోయాక హక్కు బ్రిటన్‌లో 70 ఏళ్లు, మన దేశంలో 60 ఏళ్లు ఉంటుంది. అంటే అక్కడ 2060, ఇక్కడ 2050 చివరిదాకా, పాత పాఠాన్ని అచ్చు వేయాలన్నా ఆ హక్కుదారులనే అడగాలి. నిషేధమైతే కోర్టుకెళ్లి కొట్టేయించవచ్చు. ఇక్కడ కొట్టేయించడానికి ఉత్తర్వే లేదు, చిక్కంతా అదే.

నెట్‌ఫ్లిక్స్ ఆ కంపెనీని కొన్నది 2021లో. పుస్తకాల భాషపై సమీక్ష 2020లోనే మొదలైందని కంపెనీయే చెప్పింది.

“ఇదే మొదలు.” కాదు. 1964లో వచ్చిన ‘చార్లీ అండ్ ద చాకొలెట్ ఫ్యాక్టరీ’లో ఊంపా లూంపాలు, అంటే ఆ ఫ్యాక్టరీ పనివాళ్లు, ఆఫ్రికా అడవి నుంచి తెచ్చిన పిగ్మీలు (పొట్టి మనుషుల తెగ). విమర్శలొచ్చాక, 1973 అమెరికా ప్రతిలో డాల్ వాళ్లను తెల్లని ఒంటితో, ఊహాలోకపు మనుషులుగా మార్చేశారు. కాకపోతే అప్పుడు కలం పట్టింది రచయితే.

దిద్దుబాట్లను వెనకేసుకొచ్చేవాళ్లు చెప్పే “నాలుగు మోటు మాటలు తీశారు, అంతే” అన్నదీ నిలవదు. ‘మటిల్డా’ మొదటి అధ్యాయం చివర ఆ పాప పుస్తకాల్లోనే పాతకాలపు ఓడల మీద కాన్రాడ్‌తో, ఆఫ్రికాకు హెమింగ్వేతో, ఇండియాకు కిప్లింగ్‌తో వెళ్తుంది. కొత్త ప్రతిలో కాన్రాడ్, కిప్లింగ్ పోయి జేన్ ఆస్టెన్, స్టైన్‌బెక్ వచ్చారు; ఇండియా బదులు కాలిఫోర్నియా. బ్రిటిష్ సామ్రాజ్యాన్ని పొగిడిన కిప్లింగ్‌తో మనకున్న పేచీ మనం తేల్చుకుంటాం, పాప చదివిన పుస్తకాన్ని మార్చడమెందుకు? ‘ద విచెస్’లో మంత్రగత్తెల విగ్గుల దగ్గర, ఆడవాళ్లు విగ్గు పెట్టుకోవడానికి వేరే కారణాలూ ఉంటాయి, అందులో తప్పేమీ లేదని డాల్ రాయని వాక్యం చేర్చారు. అదే పుస్తకంలో సూపర్‌మార్కెట్ క్యాషియర్ కాస్తా పెద్ద శాస్త్రవేత్త అయింది. ‘ఫెంటాస్టిక్ మిస్టర్ ఫాక్స్’లో ట్రాక్టర్ల నలుపు కూడా ఎగిరిపోయింది, ట్రాక్టర్లు నొచ్చుకుంటాయనేమో!

“పాత పాఠం దొరకదు.” గొడవ ముదిరాక 2023 ఫిబ్రవరి 24న పఫిన్ దిగొచ్చింది. 17 పుస్తకాలను పాత పాఠంతోనే ‘క్లాసిక్ కలెక్షన్’ పేరిట, పెంగ్విన్ ముద్రతో తెస్తామని ప్రకటించింది. కొనేటప్పుడు అట్ట మీద ఆ మాట, పెంగ్విన్ గుర్తు చూడండి. పఫిన్ ప్రతి అయితే కాపీరైట్ పేజీ తిప్పండి: పుస్తకం చాలా ఏళ్ల కిందటిది, భాషను ఎప్పటికప్పుడు సమీక్షిస్తుంటాం అన్న గమనిక ఉంటే అది దిద్దిన పాఠం. ‘మటిల్డా’ను తేల్చడం ఇంకా తేలిక, కిప్లింగ్ ఉన్నాడో లేదో చూస్తే చాలు. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల ఫుట్‌పాత్ మీదైనా ఈ పరీక్ష రెండు నిమిషాల పని.

ఇ-బుక్ సంగతి వేరు. పాత పాఠం కొన్న కొందరికి వాళ్ల పరికరంలోనే కొత్త పాఠం వచ్చి కూర్చుందని బ్రిటిష్ పత్రికలు రాశాయి. కిండిల్ వాడేవాళ్లు అమెజాన్ ఖాతాలో కంటెంట్, డివైసెస్ పేజీకెళ్లి, ప్రిఫరెన్సెస్‌లో ‘ఆటోమేటిక్ బుక్ అప్‌డేట్స్’ను ఆఫ్ చేసుకోవాలి.