కాటన్ దొరకి దండ సరే, లాకు తలుపు ఎవరు తోస్తారు?

మే 15 కాటన్ దొర పుట్టినరోజు. ఆయన సమాధి ఇక్కడే, ఇంగ్లండులో సర్రేలోని డోర్కింగ్‌లో ఉంది. మన తెలుగు సంఘంలో చాలామంది అక్కడికెళ్ళి దండ వేసి, ఫొటో దిగి వచ్చినవాళ్ళే. నేనూ దిగాను. గోదావరి జిల్లాల వాళ్ళం కాబట్టి కాస్త ఎక్కువ భక్తితోనే దిగాను. కిందటి ఆగస్టులో మా మామగారితో కలిసి నాలుగు రోజులు నారోబోటులో, అంటే ఇక్కడి కాలవల మీద నడిచే సన్నటి పొడుగు పడవలో, తిరిగొచ్చాక ఆ ఫొటో చూసుకుంటే మాత్రం కొంచెం సిగ్గేసింది.

మామగారికి డెబ్భై నాలుగేళ్ళు. ఆత్రేయపురం దగ్గర లొల్ల ఆయన ఊరు. వాళ్ళ నాన్నగారు లొల్ల లాకుల దగ్గర లస్కరుగా, అంటే కాలవ తలుపులు తీసి మూసే పనివాడిగా, చేశారట. ఈ సంగతి నాకు పెళ్ళయిన పదహారేళ్ళకి, ఇంగ్లండులో తెలిసింది. అప్పటిదాకా ఆయన మా ఇంట్లో ఏం చేసేవారంటే, మేం ఆఫీసులకీ పిల్ల స్కూలుకీ పోయాక కిటికీ దగ్గర కూర్చుని చెత్త లారీ వచ్చిందా లేదా చూసేవారు. సాయంత్రం మాకు రిపోర్టు ఇచ్చేవారు. అమ్మానాన్నల్ని ఆరు నెలల వీసా మీద పిలిపించుకున్న ఇళ్ళన్నిటిలోనూ దాదాపు ఇదే కథ.

మేం పడవ ఎక్కింది నార్తాంప్టన్‌షైర్‌లోని బ్రాన్‌స్టన్‌లో. ఆక్స్‌ఫర్డ్ కాలవ, గ్రాండ్ యూనియన్ కాలవ అక్కడ కలుస్తాయి. పడవ పొడవు 60 అడుగులు, వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. రైలు బోగీని నిలువునా కోసి నీళ్ళ మీద పెట్టినట్టుంటుంది. జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు 1760లలో ఖర్చూ నీళ్ళూ కలిసొస్తాయని లాకుల్ని 7 అడుగుల వెడల్పుకి కుదించాడు. ఆ కొలతకి తగ్గట్టే ఈనాటికీ పడవలు కడుతున్నారు. అద్దెకు తీసుకునేవాళ్ళకి లైసెన్సు అక్కర్లేదు, ఒక అరగంట పాఠం చెప్పి తాళం చేతికిస్తారు. చుక్కాని పిడిని ఎడమకి తోస్తే పడవ కుడికి పోతుంది. ఇది వినడానికి సులువే. మా తోడల్లుడు మొదటి గంటలో రెండుసార్లు గట్టుని గుద్దించాడు. గంటకి 4 మైళ్ళు మించి పోకూడదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. గట్టు మీద కుక్కని తిప్పుకుంటున్నావిడ మమ్మల్ని దాటేసి వెళ్ళిపోయింది.

డెల్టాలో పుట్టనివాళ్ళ కోసం లాకు అంటే ఏంటో చెప్పేస్తాను. కాలవ ఎత్తు మారే చోట రెండు వైపులా తలుపులున్న రాతి తొట్టి అది. పడవని లోపల పెట్టి, తలుపులు మూసి, తూము తీసి నీళ్ళు నింపితే పడవ పైకి లేస్తుంది, వదిలేస్తే కిందికి దిగుతుంది. మోటారు ఉండదు, కరెంటు ఉండదు. విండ్లాస్ అనే ఇనప హ్యాండిల్‌తో తూము తిప్పాలి, తలుపుకున్న పెద్ద దూలాన్ని నడుముతో తోయాలి. అంతే సంగతి.

బ్రాన్‌స్టన్ దగ్గర ఆరు లాకులు ఎక్కాలి. మొదటిదాని దగ్గర మేమంతా యూట్యూబ్‌లో చూసింది గుర్తుచేసుకుంటూ అరుచుకుంటుంటే మామగారు చప్పుడు చెయ్యకుండా గట్టు మీదికి దిగారు. దూలానికి వీపు ఆనించి నిలబడ్డారు. తోయలేదు, ఊరికే ఆనుకున్నారంతే. నేను వెళ్ళి పక్కన నిలబడి తోశాను, కదల్లేదు. "నీళ్ళు సమానం కాకుండా తలుపు రాదు అల్లుడుగారూ. తొందరపడితే మన నడుమే పోతుంది" అన్నారు. కాసేపటికి ఆయన వీపు వెనక దూలం దానంతటదే ఓ అంగుళం జరిగింది. అప్పుడు తోశారు.

అక్కడ లాకులు 14 అడుగులవి, రెండు పడవలు పక్కపక్కన పడతాయి. తలుపుకి రెండు రెక్కలు, ఒక్కో రెక్కకి ఒక మనిషి కావాలి. అవతలి రెక్క దగ్గర ఎర్ర లైఫ్ జాకెట్ వేసుకున్న వాలంటీరు ఒకాయన ఉన్నాడు. మామగారి ఈడువాడే. ఆయనకి తెలుగు రాదు, ఈయన ఇంగ్లీషు అంతంత మాత్రం. ఆరు లాకులూ ఇద్దరూ చేతి సైగలతోనే నడిపించేశారు. పై లాకు దగ్గర ఆయన ఫ్లాస్కులో టీ పోసిచ్చాడు. "చక్కెర తక్కువ" అని మామగారు నాతో మాత్రం చెప్పారు.

తర్వాత 2,042 గజాల సొరంగం. 1796 నాటిది, మధ్యలో తవ్వకం తప్పి వంకర పోయింది. చీకట్లో ఎదురు పడవ వస్తే టెన్షనే.

దాన్ని దాటాక బక్‌బీ దగ్గర ఏడు లాకులు దిగాలి. అక్కడ కాలవ పక్కనే ఎమ్-వన్ మోటార్‌వే, రైలు పట్టాలు, పాత రోమన్ రోడ్డు మీద వేసిన ఏ-ఫైవ్ కూడా ఉంటాయి. నాలుగు కాలాల రవాణా ఒకే సన్నటి లోయలో. ఆ దృశ్యాన్ని ఫోన్‌లో తీస్తూ తోడల్లుడు పడవని వెనక్కి జరగనిచ్చాడు. ఎగువ తలుపుల కింద లాకు లోపలికి పొడుచుకొచ్చిన రాతి గడప ఉంటుంది. నీళ్ళు దిగుతున్నప్పుడు పడవ తోక దాని మీద చిక్కుకుంటే ముక్కు మునుగుతుంది, పడవలు మునిగిన సందర్భాలున్నాయి. గడప ఎక్కడిదాకా ఉందో తెలిపే తెల్ల గీత గోడ మీద ఉంది, మేం చూడలేదు. లోపల గిన్నెలు జారిన చప్పుడైంది. "తూము దించెయ్!" అని మామగారు పెట్టిన కేక ఎమ్-వన్ మీదికి కూడా వినబడి ఉంటుంది. దించేసి, ఎగువ తూము తీసి మళ్ళీ నీళ్ళు నింపాక పడవ తేలింది. అత్తయ్యగారు పప్పు పోయిందని కాసేపు బాధపడ్డారు.

ఇప్పుడు అసలు సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాటన్ దొర అనగానే మనకి పొలాలకిచ్చిన నీళ్ళే గుర్తొస్తాయి. ఆయన లెక్కలో కాలవ అంటే సగం సాగునీరు, సగం దారి. ఇండియాకి రైళ్ళ కన్నా నీటి రవాణా చవక అని ఇంగ్లండుకి తిరిగొచ్చాక కూడా వాదిస్తూనే ఉన్నాడు. డెల్టా కాలవల మీద లాకులు కట్టించింది అందుకే. మామగారి చిన్నప్పుడు లొల్లలో ధాన్యం పడవలు వరస కట్టేవట. ఇప్పుడు లాకులు సినిమా షూటింగులకి పనికొస్తున్నాయి.

ఇంగ్లండులోనూ అదే జరగాల్సింది. రైళ్ళు, లారీలు సరుకు లాగేసుకున్నాయి. 1962-63 చలికాలంలో కాలవలు వారాల తరబడి గడ్డకట్టాక మిగిలిన వ్యాపారమూ దాదాపు పోయింది. అయినా కాలవలు బతికాయంటే 1946లో రోల్ట్, ఐక్‌మన్ మొదలైనవాళ్ళు పెట్టిన ఇన్‌లాండ్ వాటర్‌వేస్ అసోసియేషన్ లాంటి సంఘాల వల్ల, శని ఆదివారాలు పార పట్టుకుని బురద తవ్విన మామూలు జనం వల్ల. డెవైజిస్ దగ్గర కేన్ హిల్‌లో 2 మైళ్ళలో 29 లాకులున్న కెన్నెట్ అండ్ ఏవన్ కాలవ పాడుపడి, అలా బాగుపడి, 1990లో మళ్ళీ తెరుచుకుంది. ఇప్పుడు ఇంగ్లండు, వేల్స్‌లలో 2,000 మైళ్ళ జలమార్గాల్ని చూస్తున్న కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ కూడా 2012 నుంచి ఛారిటీనే. దానికి ప్రభుత్వమిచ్చే గ్రాంటు 2027 నుంచి ఏటా 5 శాతం చొప్పున తగ్గబోతోంది. అంటే ఆ ఎర్ర జాకెట్ల అవసరం ఇంకా పెరుగుతుంది.

అందులో మనవాళ్ళెవరైనా ఉన్నారా? ఆ నాలుగు రోజుల్లో నాకైతే కనబడలేదు. ఉగాది భోజనాలకి హాలు పట్టని జనం వస్తాం. పార్కుల్లో, గట్ల మీద ఫొటోలు దిగుతాం. వాటిని నిలబెట్టే పని దగ్గరికొచ్చేసరికి 'అది తెల్లవాళ్ళ రిటైర్మెంట్ సరదా' అనేస్తాం. లాకుని లాకనే పిలిచే ఊళ్ళ నుంచి వచ్చి ఆ మాట అనడం నాకు బొత్తిగా నచ్చదు.

పడవ అద్దె ఎక్కువన్నది నిజమే. వేసవి సెలవుల్లో వారానికి వెయ్యి పౌండ్లు దాటడం మామూలు. టాయిలెట్ క్యాసెట్ ఉన్న పడవైతే దాన్ని మనమే ఖాళీ చేసుకోవాలి, ఈ ముక్క దాచిపెడితే తర్వాత నన్ను తిడతారు. కానీ లాకు దగ్గర వాలంటీరుగా నిలబడడానికి అద్దె లేదు. మాటలు రాకపోయినా పని తెలిసిన పెద్దవాళ్ళు మన ఇళ్ళలో కిటికీల దగ్గర కూర్చుని ఉన్నారు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు వాలంటీరు పని ఎంతవరకు చేయొచ్చో రూల్సు చూసుకోవాలి. ఇక్కడే స్థిరపడ్డ మనకి ఆ సాకు కూడా లేదు.

కాబట్టి వచ్చే కమిటీ మీటింగులో రెండు ప్రతిపాదనలు పెడుతున్నాను. వేసవి ట్రిప్పుని థీమ్ పార్కు నుంచి కాలవకి మార్చాలి, ఒక్క రోజుకి అద్దెకిచ్చే డే బోట్లు సరిపోతాయి. రెండోది, నెలకో శనివారం దగ్గర్లో ఉన్న లాకుల వరసకి మన సంఘం తరఫున ఆరుగురు వెళ్ళాలి. మొదటి శనివారానికి నా పేరు, తోడల్లుడి పేరు రాసేశాను. అతనికింకా చెప్పలేదు. థీమ్ పార్కు బస్సుకి అడ్వాన్సు ఇంకా కట్టలేదని కోశాధికారిగారు చెప్పారు.