మహారాజశ్రీ 249 గ్రాముల వారి సముఖమునకు

పెళ్లిళ్లకూ గృహప్రవేశాలకూ ఆకాశం నుంచి ఫొటోలు తీసి పొట్టపోసుకునే ఒక స్టూడియో యజమాని అనేక నమస్కారములు చేసి వ్రాసుకొన్న విన్నపము.

కెమెరా డ్రోన్ కొనబోయే కుర్రవాళ్లు నా దగ్గరికి సలహాకు వస్తుంటారు. వెలుతురును పట్టి బొమ్మగా మార్చే సెన్సర్ ఎంత, లెన్సు ఎలాంటిది, గాలికి నిలబడుతుందా అన్న ప్రశ్నలు వాళ్లకు ఎప్పటికో గాని గుర్తుకు రావు. కూర్చోగానే అడిగేది మాత్రం డ్రోన్ బరువైన తమరి గురించే. "249 లోపేనా అన్నా?" అంటారు. బంగారం కొనేవాళ్లు సైతం ముందు నగ ఎలా ఉందో చూసి, ఆ తరువాతే కాటా మీద పెట్టమంటారు. కంటికి ఇంపుగా ఉండవలసిన బొమ్మల వ్యాపారంలో తూకానికి ఇంత పెద్దపీట వేయించుకున్న తమరి ప్రతాపాన్ని ఏమని పొగడను?

తమరి జన్మవృత్తాంతం కాస్త విచారించాను. 2015 నవంబరులో, ఎంత బరువు దాటిన డ్రోన్లను నమోదు చేయించాలో తేల్చడానికి అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ పిలిపించిన ఒక బృందం, పైనుంచి కూలే డ్రోన్ సెకనుకు సుమారు 25 మీటర్ల వేగంతో నెత్తిన పడుతుందనీ, 80 జౌల్స్ (శక్తిని కొలిచే ప్రమాణం) శక్తితో తగిలితే మనిషి చనిపోయే అవకాశం నూటికి ముప్పై పాళ్లు ఉంటుందనీ అనుకొని, గుణించి భాగించి 250 గ్రాముల దగ్గర గీత గీసింది. ఆ లెక్కలో ఫొటో ఊసు ఎక్కడా లేదు, ఉన్నదల్లా దారిన పోయేవాడి తలకాయే. ఆ గీతకు ఒక్క గ్రాము ఇవతల కాళ్లు ముడుచుకొని కూర్చున్నందుకు తమరు ఇంతవారయ్యారు.

మన దేశంలోనూ తమరికి లోటు జరగలేదు. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నియమాలు 250 గ్రాముల వరకు ఉన్నవాటిని నానో అని పిలిచి, వాటికి ఆ మోడల్ పరీక్షలో నెగ్గిందని చెప్పే టైప్ సర్టిఫికెట్ అక్కర లేదనీ, నడిపేవాడికి పైలట్ సర్టిఫికెట్ అక్కర లేదనీ, థర్డ్ పార్టీ బీమా కూడా తప్పనిసరి కాదనీ వరాలిచ్చాయి. గీత దాటి రెండు కిలోల లోపున్న మైక్రో తరగతిలో పడ్డామో, సరదాకు ఎగరేసుకునేవాడు ఫరవాలేదు గాని, పెళ్లివారి దగ్గర అడ్వాన్సు పుచ్చుకున్న నాబోటివాడు శిక్షణ సంస్థ గుమ్మం ఎక్కి సర్టిఫికెట్ తెచ్చుకోవలసిందే. వరం ఒకటైతే మా వాళ్లు పది అనుకుంటున్నారు, అది వేరే సంగతి. గన్నవరం విమానాశ్రయం ప్రహరీ నుంచి పన్నెండు కిలోమీటర్ల లోపు ఆకాశానికి ఉన్న ఆంక్షలు తమరి బరువు చూసి తొలగిపోవని చెబితే, హైవే పక్క కల్యాణ మండపాల్లో తిరిగే కుర్రవాళ్లు నన్ను పాతకాలపు మనిషిని చూసినట్లు చూస్తారు.

కంపెనీలు తమరికి చేసిన సేవ ఇంతా అంతా కాదు. చైనా డ్రోన్ కంపెనీ డీజేఐ 2019లో మావిక్ మినీని తెచ్చినప్పుడు 249 అన్న అంకెను డ్రోన్ ఒంటి మీదే అచ్చు వేయించింది. కెమెరా గొప్పతనానికి దక్కని గౌరవం అది. అప్పట్లో జపాన్‌లో గీత 200 గ్రాముల దగ్గర ఉండేది గనుక అక్కడివారి కోసం చిన్న బ్యాటరీ పెట్టి 199 గ్రాములకు దించారు, ముప్పై నిమిషాలు ఎగరవలసినది పద్దెనిమిదికి పడిపోయినా వెనుకాడలేదు. ఇంత చేస్తే 2022 జూన్‌లో జపాన్ ప్రభుత్వం ఆ గీతను 100కు జరిపేసింది. పాపం తమరి తమ్ముడు 199 గారు రాత్రికి రాత్రే పదవి పోయిన మంత్రి అయిపోయారు. తమరు కాస్త జాగ్రత్తగా ఉండడం మంచిదని మనవి.

ఇక అసలు బాధకు వస్తాను. డీజేఐ వారి మినీ 4 ప్రో తమరి వంశానికి తిలకం వంటిది, పగటి వెలుతురులో దానికి వంక పెట్టలేను. కాని మన పెళ్లిళ్లు పగటి వెలుతురు చూసుకొని జరగవు. చీకటి పడ్డాక ఎదురుసన్నాహం మొదలవుతుంది. కారు చుట్టూ ఎల్‌ఈడీ దీపాలు, ముందు మేళగాళ్లు, వెనుక పట్టుచీరలు, రోడ్డుకు ఇరుపక్కలా చిమ్మచీకటి కొబ్బరితోటలు. పైనుంచి తీస్తే దీపాల కింద ముఖాలన్నీ తెల్లగా కాలిపోతాయి, తోటలన్నీ గ్రెయిన్స్‌తో రంగుల ఇసుక పోసినట్లు ఉంటాయి. అదే చోట అదే కంపెనీ 895 గ్రాముల మావిక్ 3ను లేపితే, దాని ఫోర్ థర్డ్స్ అనే పెద్ద సెన్సర్ వైశాల్యం మినీ 4 ప్రో సెన్సర్‌కు మూడు రెట్లు పైనే గనుక, ఆకు ఆకుగా కనిపిస్తుంది, పెళ్లికూతురు మేనత్త మెడలో హారం కూడా కనిపిస్తుంది. ఆల్బమ్‌లో ఆ హారం కనిపించకపోతే వచ్చే తగాదా ఏ సర్టిఫికెట్టూ ఆపలేనిది. రాత్రి పెళ్లిళ్లు ఎక్కువగా ఒప్పుకునేవాడు పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకొని పెద్ద సెన్సర్‌కే పోవాలనీ, తమరిని పగటి షూటింగులకూ ఊరి ప్రయాణాలకూ ఉంచుకోవాలనీ నా అభిప్రాయం. ఆ మాట అంటే ఎదుటివాడు కాసేపు మౌనంగా ఉండి, "కానీ అది 249 లోపు కాదు కదన్నా" అంటాడు.

తమరి పాలనలో ధర్మసూక్ష్మాలు కొన్ని నాకు మింగుడు పడటం లేదు. రెక్కలు పిల్లల చేతులకు తగలకుండా చుట్టూ గార్డు బిగిస్తే బరువు గీత దాటుతుంది, దాంతో జాగ్రత్త పడినవాడి డ్రోన్ చట్టం దృష్టిలో మరింత ప్రమాదకరమైనది అవుతుంది. గార్డు ఊడదీసి పెళ్లిపందిట్లోకి తెస్తే అది మళ్లీ నిరపాయకరం. పెట్టె మీద రాసిన ముప్పై నాలుగు నిమిషాలు గాలి లేని చోట ఒకే వేగంతో పోయినప్పటి మాట. కాకినాడ తీరంలో మధ్యాహ్నపు సముద్రపు గాలికి ఎదురు నిలబడాలంటే ఆ తేలిక శరీరం ఏటవాలుగా వంగి బ్యాటరీని తాగేస్తుంది. పెద్ద బ్యాటరీ వేద్దామంటే తమరికి కోపం.

తమరిని కాదని వేరే గడప తొక్కుదామన్నా గడపలు లేవు. కెమెరాల కంపెనీ గోప్రో వారు 2016లో కర్మ అనే డ్రోన్ తెచ్చి, గాలిలో ఉండగా కరెంటు పోయి కొన్ని కింద పడటంతో అమ్మినవి అమ్మినట్లే వెనక్కి పిలిపించి, 2018లో ఆ వ్యాపారమే మానుకున్నారు. ఆ పేరు పెట్టినప్పుడు తెలుగువాడిని ఒక్కడిని అడిగి ఉండవలసింది. అమెరికా డ్రోన్ కంపెనీ స్కైడియో 2023లో మామూలు కొనుగోలుదారులకు సెలవు చెప్పింది. మిగిలిన విదేశీ సరుకు సంగతి చూస్తే, 2022 ఫిబ్రవరి 9న మన ప్రభుత్వం పరిశోధనకూ రక్షణ అవసరాలకూ తప్ప విదేశీ డ్రోన్ల దిగుమతినే నిషేధించింది. ఆ తరువాత విడుదలైన మోడళ్లు నాకు తెలిసిన ఒక డీలరు అద్దాల అల్మరాలో తళతళలాడుతున్నాయి. ఎలా వచ్చాయని అడిగితే ఆయన టీ తెప్పిస్తాడు. బిల్లు అడిగితే సమోసా కూడా తెప్పిస్తాడు.

చివరగా ఒక సందేహం. వచ్చే దసరాకు స్టూడియోలో ఆయుధ పూజ ఉంది. మా ఆవిడ ప్రతి కెమెరాకూ పసుపు కుంకుమ పెట్టి, డ్రోన్‌కు ఒక నిమ్మకాయ కట్టకుండా ఊరుకోదు, కట్టినదాన్ని ఆ రోజు ఒక్కసారైనా ఎగరేయకుండా ఒప్పుకోదు. నియమాల్లో బరువంటే మోసే పేలోడ్‌తో కలిపి అని ఉంది గనుక, ఆ నిమ్మకాయతో నా నానో డ్రోన్ మైక్రో అవుతుందో లేదో, అయితే నిమ్మకాయ కోసం మా ఆవిడ పైలట్ శిక్షణకు వెళ్లాలో నేను వెళ్లాలో, దసరా లోపు తెలియజేయ ప్రార్థన.

ఇట్లు,
తమరి కాటా కింద నలుగుతున్న
ఒక పెళ్లి ఫొటోగ్రాఫర్