మాకూ ఐడీ కార్డులు ఇప్పించండి

మాకు ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ ఒక్కటే. రెండో సంస్థ లేదు, వచ్చే సూచనా లేదు. ఆ ఒక్క సంస్థలోనూ సిబ్బంది చాలరని, అందుకే ఫోన్ ఎత్తే నాథుడు ఉండడని జనం ఆడిపోసుకుంటారు. ఇది పచ్చి అన్యాయం. ఇంతమంది సిబ్బంది ఉన్న సంస్థ ఇంకోటి ఉంటుందని నేననుకోను. ఎంతమంది చందాదారులో అంతమంది ఉద్యోగులు. జీతాలివ్వడం ఒక్కటే ఇంకా మొదలుపెట్టలేదు.

నమ్మకం లేకపోతే మనం చేస్తున్న పనులు చూడండి. నెట్ పోయిందనుకోండి. రౌటర్ మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న బుల్లి లైటు ఎర్రగా వెలుగుతుంది. ఫైబర్‌లోంచి రావాల్సిన వెలుగు మన పెట్టె దాకా రావడం లేదని దానర్థం. తీగ ఎక్కడో తెగి ఉండాలి, లేదా బాగా వంగి ఉండాలి. చందా కట్టే మామూలు మనిషికి ఈ విద్య ఎందుకు? ఎందుకేమిటి, ఉద్యోగం కాబట్టి. పైగా ఇంటర్వ్యూ కూడా ఉంటుంది.

"సార్, పవర్ లైట్ వెలుగుతోందా?"

"వెలుగుతోందమ్మా. ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంది. ఫైబర్ తెగినట్టుంది."

"ఓకే సార్. ఒకసారి రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తారా?"

"బయట తీగ తెగితే ఇంట్లో స్విచ్ నొక్కి ఏం లాభమమ్మా?"

"అర్థమైంది సార్. ఆఫ్ చేశారా?"

ఆ అమ్మాయిని తప్పుపట్టను. ఆమె ముందు తెర మీద ప్రశ్నలు వరసగా ఉంటాయి, ఒకదానికి జవాబు నింపితే గానీ రెండోది తెరుచుకోదు. మేమిద్దరం కలిసి ఒకే ఫారం నింపుతున్న సహోద్యోగులం. కాకపోతే ఆమెకి షిఫ్ట్ అయిపోతుంది, నాకు అవదు.

ఆ అమ్మాయి దాకా చేరడం కూడా డ్యూటీలో భాగమే. ఒకటి నొక్కాలి, మూడు నొక్కాలి, రిజిస్టర్డ్ నంబర్ కొట్టాలి. "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అన్న మాట వినాలి, ఆ తర్వాత సంగీతం వినాలి. మధ్యమధ్యలో "ప్రస్తుతం కాల్స్ రద్దీ అసాధారణంగా ఉంది" అని చెబుతుంటారు. ఇక్కడ నాకో చిన్న సందేహం. ఆగ్నర్ ఎర్లాంగ్ అనే డేనిష్ గణిత శాస్త్రవేత్త కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ సరిగ్గా ఈ లెక్క మీదే కూర్చున్నాడు. ఇన్ని కాల్స్ వస్తే ఎన్ని లైన్లు కావాలి, ఉన్నవాటితో ఎంతసేపు ఆగాల్సి వస్తుంది అన్నదాని మీద 1909లో తొలి పరిశోధన పత్రం, 1917లో సూత్రాలు ప్రచురించాడు. టెలిఫోన్ రద్దీని కొలిచే ప్రమాణానికి ఇప్పటికీ ఆయన పేరే. అంటే నన్ను ఎంతసేపు కాయిస్తారో నూరేళ్ల నాటి సూత్రంతో ముందే లెక్క కట్టవచ్చు. అసాధారణ రద్దీ మరి రోజూ ఎలా వస్తోంది? ఏమో, సంస్థలో నా హోదా చిన్నది, పై విషయాలు నాకు తెలియవు.

మనల్ని పనిలో పెట్టుకోవడం నిన్న మొన్న మొదలైంది కాదు. తొలినాళ్లలో ఫోన్ ఎత్తితే ఆపరేటర్ పలికేది, అడిగిన లైన్ కలిపేది. అంత్యక్రియల వ్యాపారం చేసుకునే ఆల్మన్ స్ట్రౌజర్ అనే అమెరికన్‌కి ఇది నచ్చలేదు. తనకి రావాల్సిన కాల్స్‌ని ఆపరేటర్ పోటీదారుడికి కలిపేస్తోందని ఆయన అనుమానమట. ఆపరేటరే అవసరం లేని ఆటోమేటిక్ ఎక్స్ఛేంజికి 1891లో పేటెంట్ తీసుకున్నాడు. ఆపరేటర్ పీడ వదిలిందని అందరూ సంబరపడ్డారు గానీ, ఆ పని వచ్చి మన వేలి మీద పడింది. మొదటి జీతం లేని ఉద్యోగం అదే అయి ఉంటుంది.

అయితే పాత గుత్తాధిపత్యాలకి ఇంకా సంకోచం ఉండేది. తమ సామానుని మనం ముట్టుకుంటే ఒప్పుకునేవి కావు. అమెరికాలో ఏటీ అండ్ టీ అనే టెలిఫోన్ కంపెనీ రాజ్యమేలుతున్న రోజుల్లో హష్-ఎ-ఫోన్ అని ఒక తొడుగు అమ్మేవారు. దానికి కరెంటూ లేదు, తీగా లేదు. మాట పక్కవాళ్లకి వినపడకుండా ఫోన్ మౌత్‌పీస్‌కి తగిలించుకునే వస్తువు, అంతే. అది టెలిఫోన్ వ్యవస్థకి హాని అని కంపెనీ వాదించింది, నియంత్రణ సంస్థ తలూపింది. వ్యవహారం కోర్టుకెక్కి, 1956లో గానీ తొడుగు గెలవలేదు. బయటి పరికరాలను లైన్‌కి కలుపుకోవచ్చని తేలేసరికి 1968 వచ్చింది. ఇప్పటి మా సంస్థ ఎంత ఉదారమైనదో దీన్నిబట్టి తెలుస్తుంది. రౌటర్ తిరగేసి వెనక స్టిక్కర్ మీద చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న సీరియల్ నంబర్ చదవమంటుంది. రీసెట్ కన్నంలో పిన్ను గుచ్చి పది సెకన్లు పట్టుకోమంటుంది. పసుపు తీగ పీకి, తుడిచి, మళ్లీ క్లిక్‌మనేలా పెట్టమంటుంది. ఇంత చనువు సొంతవాళ్ల దగ్గర తప్ప ఎవరైనా తీసుకుంటారా?

స్పీడ్ తగ్గిందని ఫిర్యాదు చేస్తే మనకి క్వాలిటీ కంట్రోల్ విభాగానికి బదిలీ అవుతుంది. వైఫైలో చూస్తే చెల్లదట. ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి, మిగతా ఫోన్లన్నీ ఆపేసి, స్పీడ్ టెస్ట్ చేసి స్క్రీన్‌షాట్ పంపాలి. (అడిగింది సబబే, వైఫై దారిలో గోడలు కూడా తమ వాటా తీసుకుంటాయి.) నేను ఆ పరీక్షలు శ్రద్ధగా చేస్తాను. పగలు అన్నీ పాస్, రాత్రి భోజనాల వేళ దాటాక అన్నీ ఫెయిల్. ఎక్స్ఛేంజి నుంచి వచ్చే ఒక ఫైబర్‌ని స్ప్లిటర్ పెట్టి 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఆ ఇళ్లన్నిటికీ కలిపి కిందికి దిగేది దాదాపు 2.5 గిగాబిట్లు. 64 ఇళ్లకీ తలా 100 మెగాబిట్లు అమ్మితే మొత్తం 6.4 గిగాబిట్లు. అందరూ ఒకేసారి వాడరులే అన్న నమ్మకం మీద నడిచే వ్యాపారం ఇది. నమ్మకం తప్పేమీ కాదు. రాత్రి తొమ్మిదింటికి అందరూ ఇంట్లోనే ఉంటారన్న కబురు మాత్రం ఇంకా పై ఆఫీసు దాకా అందినట్టు లేదు.

రాజీనామా చేసి వేరే చోట చేరొచ్చు కదా అంటారు. ఎక్కడ చేరతాం? వీధి తవ్వి రెండో తీగ వేయాలంటే మొదటి తీగకైనంతా ఖర్చు అవుతుంది. వచ్చే చందాదారులేమో సగమే. అందుకే ఎవరూ రారు. 1984లో ఏటీ అండ్ టీని విడగొట్టినప్పుడు కూడా ఇంటి దాకా వచ్చే లైన్లు ఏడు ప్రాంతీయ కంపెనీల చేతికి వెళ్లాయి. ఏ ప్రాంతానికి ఆ కంపెనీయే దిక్కు. కాబట్టి మనది పర్మనెంట్ పోస్టు, టెన్షన్ అక్కర్లేదు.

ఇక టెక్నీషియన్ వచ్చే రోజు. "పదింటి నుంచి ఆరింటి మధ్య వస్తారు, ఇంట్లోనే ఉండండి" అని మెసేజ్ వస్తుంది. ఆ రోజు మనం వాచ్‌మన్ డ్యూటీ చేస్తాం. స్నానానికి వెళ్తే ఫోన్ బాత్‌రూమ్ గూట్లో పెట్టుకోవాలి, ఎందుకంటే రెండు రింగుల్లో ఎత్తకపోతే "కస్టమర్ అందుబాటులో లేరు" అని టికెట్ మూసేస్తారు. కొన్నిసార్లు అంత శ్రమ కూడా ఉండదు. ఎవరూ రాకుండానే, ఎర్ర లైటు ఎర్రగానే ఉండగా, "మీ ఫిర్యాదు విజయవంతంగా పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చేస్తుంది. సొంత ఇంట్లో పని పూర్తయిన సంగతి సొంత ఉద్యోగికే చివరికి తెలియడం ఏం పద్ధతి?

నిజంగా వచ్చిన కుర్రాణ్ణి మాత్రం అనడానికి నోరు రాదు. కాంట్రాక్టు మనిషి, బండి మీద నిచ్చెన కట్టుకుని వస్తాడు, ఆ పూటకి ఇంకా చాలా ఇళ్లు ఉంటాయి. తెగిన చోటు వెతికి, ఫైబర్ కొసలు రెండూ అతికించి, ఎర్ర లైటు ఆరగానే చెమట తుడుచుకుంటూ అడుగుతాడు: "సార్, రేటింగ్ మెసేజ్ వస్తుంది. ఐదు ఇవ్వండి సార్. నాలుగిచ్చినా మాకు కట్ చేస్తారు."

ఐదే ఇస్తాం. ఇవ్వకపోతే అతని జీతం పోతుంది, పై ఆఫీసులో ఎవరికీ ఏమీ కాదు. ఆ ఐదు చుక్కలు వెళ్లి "మా కస్టమర్ల సంతృప్తి" అన్న ఖాతాలో పడతాయి. అంటే సంస్థ జీతం ఇచ్చే మనిషి పనితీరు తేల్చి, అతని జీతం నిలబెట్టే హెచ్‌ఆర్ విభాగం కూడా మనమేనన్నమాట.

అలాంటప్పుడు అడగడంలో తప్పు లేదు. ఫొటో ఉన్న ఐడీ కార్డు కావాలి. సంగీతం విన్న సమయానికి ఓవర్‌టైమ్ కావాలి. వాచ్‌మన్ డ్యూటీ చేసిన మర్నాడు సెలవు కావాలి. రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయడంలో ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాళ్లకి సీనియర్ అన్న హోదా అయినా ఇవ్వాలి. జీతాల ఫైలు మీద సంతకం ఎవరు పెడతారని మీనమేషాలు లెక్కపెట్టక్కర్లేదు. హెచ్‌ఆర్ మేమే కదా, ఫైలు ఇటు పంపిస్తే చాలు.