ఆ వేలిముద్ర మీ ప్రచారానికి కాదు

పొద్దున ఒక వాట్సాప్ స్టేటస్ చూసినప్పటి నుంచి ఒళ్లు మండిపోతోంది. నేను భూముల బ్రోకర్ని; నా దగ్గర కూర్చుని అమ్మకం అగ్రిమెంటు రాయడం నేర్చుకున్న అబ్బాయి ఒకడు ఇప్పుడు తిరుపతిలో ఫీజు పెట్టి క్లాసులు చెబుతున్నాడు. చెప్పుకోనీ, ఎవరి పొట్టకూడు వాళ్లది. కానీ ‘పైసా పెట్టుబడి లేకుండా భూముల వ్యాపారం’ అనే ఆ క్లాసు ప్రచారానికి వాడు పెట్టిన ఫోటో ఏమిటో తెలుసా? ఒక రైతు ఇల్లాలు వేలిముద్ర వేసిన అగ్రిమెంటు చివరి పేజీ. నేను కుదిర్చిన బేరం అది. ఊదారంగు సిరా ఒక పక్కన అలుక్కుపోయి ఉంది. ఆమె చెయ్యి వణికితే పక్కనే మరో ముద్ర వేయించాం, అదీ కనిపిస్తోంది. దాని పక్కన ఆమె పేరు, భర్త పేరు, ఊరు, సర్వే నంబరు, ఆధార్ 12 అంకెలూ. కింద ఎర్రటి అక్షరాలతో ‘మా విజయానికి సాక్ష్యం’ అని రాశాడు.

వెంటనే ఫోను చేసి ఆ ఫోటో తీసెయ్యమన్నాను. “ఏమవుతుంది అక్కా, ఆమెకు వాట్సాప్ లేదు కదా” అన్నాడు.

నిజమే, ఆమెకు వాట్సాప్ లేదు. ఆమెకు ఉన్నది రేకుల ఇల్లు, రెండు ఆవులు, పాల డబ్బులు పడే బ్యాంకు ఖాతా. ఆ ఖాతాకు ఆధార్ ముడిపెట్టి ఉంది. దస్తావేజుల మీద ఉన్న వేలిముద్రలతో నకిలీ ముద్రలు తయారుచేసి, ఆధార్ చెల్లింపుల యంత్రం ద్వారా జనం ఖాతాల్లోంచి డబ్బు లాగేసిన ముఠాలను మన దేశంలో పోలీసులు పట్టుకున్నారు. ఆధార్ కాపీలో చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే ఏర్పాటు కూడా ఉంది. ఇవన్నీ నేను ఆ అబ్బాయికి మొదట్లోనే చెప్పాను. యజమాని కాగితం మన చేతిలో ఉందంటే ఆ ఇంటి తాళంచెవి మన చేతిలో ఉన్నట్టేనని చెప్పాను. అన్నిటికీ తల ఊపాడు. ఇప్పుడు ఆ తాళంచెవిని నడివీధిలో వేలాడదీసి, తనకు విద్యార్థులు కావాలంటున్నాడు.

నేను చేసే పనిలో దాపరికం లేదు. అమ్మాలనుకునే మనిషితో ధర మాట్లాడుకుంటాను. అడ్వాన్సు ఇచ్చి, గడువు పెట్టుకుని అగ్రిమెంటు రాసుకుంటాను. గడువులోపు కొనేవాళ్లను తెచ్చి నేరుగా వాళ్ల పేరునే రిజిస్ట్రేషన్ చేయిస్తాను. మధ్యలో మిగిలింది నాది. అమెరికాలో దీన్నే హోల్‌సేలింగ్ అంటారు. అక్కడ కాంట్రాక్టును ఇంకొకరికి బదలాయించి ఫీజు తీసుకుంటారు. మన దగ్గర ఆ పేరు ఎవరూ వినకముందే అగ్రిమెంట్లలో ‘తమరి పేరున గానీ, తమరు కోరిన వారి పేరున గానీ’ రిజిస్టరు చేసి ఇస్తామనే వాక్యం ఉంది. మా సంపాదన అంతా ఆ ఒక్క వాక్యం మీదే నిలబడి ఉంది. అందుకే దాన్ని యజమానికి నిదానంగా చదివి వినిపిస్తాను. “అమ్మా, నీ భూమిని నేను ఉంచుకోను, ఇంకొకరికి ఇప్పిస్తాను, పైన వచ్చేది నేను తీసుకుంటాను, నీకు సమ్మతమేనా?” అని అడుగుతాను. సమ్మతం కాదని లేచి వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. అది వాళ్ల హక్కు.

ఈ క్లాసులో మాత్రం ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి గబగబా చదివేయాలని నేర్పుతున్నారట! డబ్బు కట్టి వెళ్లొచ్చిన కుర్రవాడే నాతో చెప్పాడు. అమెరికా వీడియోలు చూపించి పాఠం చెప్పేవాళ్లు అమెరికాలో ఆ తర్వాత ఏమి జరిగిందో కూడా చెప్పాలి కదా. ఇల్లినాయిస్ రాష్ట్రం 2019లో చట్టం మార్చి, ఏడాదిలో ఒకటికి మించి ఇలాంటి బేరాలు చేసేవాళ్లకు లైసెన్సు ఉండాలంది. ఓక్లహోమా 2021లో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక చట్టమే తెచ్చింది. మన దగ్గర కూడా 2016 నాటి రెరా, అంటే స్థిరాస్తి వ్యాపార నియంత్రణ చట్టం ప్రకారం, నమోదైన లేఅవుటులో ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు తానూ నమోదు చేసుకోవాలి. ఆ క్లాసులో రెరా అనే మాటే ఎత్తరట.

పైసా పెట్టుబడి లేకుండా అంటున్నారే, ఆ పెట్టుబడి ఎవరిదో ఒక్కరైనా అడిగారా? రైతుది! ఒక 10,000 రూపాయలు చేతిలో పెట్టి, ఏడాది గడువు రాయించుకుని, రెండెకరాలో మూడెకరాలో కట్టిపడేస్తారు. కొనేవాడు దొరికితే వీళ్లకు లాభం. దొరక్కపోతే ఫోను ఎత్తరు. అగ్రిమెంటు రాసినంత మాత్రాన కొనేవాడికి భూమి మీద హక్కు పుట్టదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. కానీ ఆ అగ్రిమెంటును అమలు చేయించమని గడువు తీరాక కూడా 3 ఏళ్ల దాకా కోర్టుకు వెళ్లవచ్చు. దావా పడుతుందేమోనన్న భయంతో ఇంకెవరూ ఆ భూమి వైపు చూడరు.

ఏర్పేడు దగ్గర ఐఐటీ వచ్చాక ఆ చుట్టుపక్కల ఇలా ఇరుక్కుపోయిన రైతు ఒకాయన నాకు బాగా తెలుసు. కూతురి పెళ్లికి రెండెకరాలు అమ్మాలనుకున్నాడు. ఎవరో వచ్చి కొంత చేతిలో పెట్టి అగ్రిమెంటు రాయించుకున్నారు. ఆ కాగితం చేతులు మారీ మారీ చివరికి ఎవరి దగ్గర ఉందో ఆయనకే తెలియకుండా పోయింది. కొందామని వచ్చిన ప్రతి పార్టీనీ ఊళ్లోవాళ్లు ‘అది అగ్రిమెంటులో ఉంది’ అని వెనక్కి పంపారు. ఆయన నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి పెళ్లి చేశాడు. వచ్చినవాళ్లందరినీ నవ్వుతూ పలకరించి, భోజనాల పందిరి వెనక్కి వెళ్లి అప్పు ఇచ్చినాయనతో వాయిదాల సంగతి మాట్లాడుతున్నాడు. పట్టాదారు పాసుపుస్తకం ఇంట్లో పెట్టెలో ఉంది. భూమి ఆయనదే. ఒక సెంటు కూడా అమ్ముకోలేకపోయాడు. దీన్ని వ్యాపారం అనడానికి నాకు నోరు రావడం లేదు.

పోనీ, నేర్పేవాళ్లకు విషయం తెలుసా అంటే అదీ లేదు. ఇక్కడ స్థలాన్ని అంకణాల్లో కొలుస్తారు. తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు. నెల్లూరు వైపు 72. ఇక్కడ ప్లాటు కొనేవాళ్లలో నెల్లూరు వైపువాళ్లు ఎంతమంది ఉంటారో అందరికీ తెలుసు. ఆ క్లాసు శిష్యుడు ఒకడు అటువైపు పార్టీకి ‘33 అంకణాల ప్లాటు’ అని చెప్పి రప్పించాడు. వాళ్లు 2,376 చదరపు అడుగులు అనుకుని వచ్చారు. టేపు పెట్టి కొలిస్తే 1,188. ఎండలో అంతదూరం వచ్చిన పెద్దాయన ఆ హద్దురాయి మీదే కూలబడిపోయాడు. పాపం, ఆయన తిట్టింది తిరుపతి బ్రోకర్లందరినీ. అంటే నన్నూ.

డీకేటీ భూముల, అంటే అసైన్డ్ భూముల సంగతి ఇంకా ఘోరం. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములు చేతులు మారకూడదని 1977లోనే చట్టం వచ్చింది. 2023లో దాన్ని సవరించి, ఇచ్చి 20 ఏళ్లు దాటినవాటిని అసలు పట్టాదారులు అమ్ముకునే వీలు కల్పించారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలుపెట్టారు. ఇవేవీ చెప్పకుండా ‘ఫ్రీహోల్డ్ వచ్చేసింది (అంటే అమ్మకానికి ఆంక్షలు పోయాయని), చవకలో పట్టేయండి’ అని పిల్లల చేత అడ్వాన్సులు కట్టించారు. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో చూసుకోవడం ఎంతసేపటి పని? అమ్మ నగలు కుదువపెట్టి కట్టిన పిల్లలున్నారు వాళ్లలో. ఇప్పుడు నా దగ్గరికి వచ్చి ఏడుస్తుంటే నేను ఏమి చెప్పాలి?

అసలు నా కడుపుమంట ఇంకొకటి ఉంది. మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. ఈ అబ్బాయి ఇప్పుడు క్లాసులో ‘ఆ మేడమ్‌ది పాత పద్ధతి, ఆడవాళ్లకు ఈ లైనులో ధైర్యం చాలదు’ అంటున్నాడట. నేర్చుకునేటప్పుడు అక్కా అక్కా అని నా వెంట తిరిగి, మా ఇంట్లో అన్నం తిన్నవాడు.

ఈ మాట నాకు కొత్త కాదు. మొదట్లో చంద్రగిరి వైపు పొలాలు చూడడానికి వెళితే పెద్ద బ్రోకర్లు నన్ను కారులోనే కూర్చోమనేవాళ్లు. వాళ్లు గట్టు మీద నిలబడి మాట్లాడుకుని వచ్చి, “ధర తేలిపోయింది మేడమ్, సాయంత్రం మీవారిని పంపించండి” అనేవాళ్లు. కొనే పార్టీని తెచ్చింది నేను! రిజిస్ట్రేషన్ అయ్యాక ఆఫీసు బయట చెట్టు కింద కమీషన్ పంచుకునేటప్పుడు నా వాటా నా భర్త చేతిలో పెట్టేవాళ్లు. ఆయన లెక్కపెట్టకుండానే అక్కడే నా చేతికిచ్చేవారు. దానికి వాళ్లు నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు, మరిచిపోను కూడా.

అదే మర్యాద వాళ్లు భూమి ఉన్న ఆడవాళ్లకు కూడా చేసేవాళ్లు. పట్టా ఆమె పేరున ఉంటుంది, మాటలు మాత్రం కొడుకుతోనో మరిదితోనో. ఆమె వాకిట్లో అందరికీ టీ ఇచ్చి గుమ్మం దగ్గర నిలబడాలి. చివర్లో పిలిచి వేలు పట్టుకుని సిరా పెట్టెలో అద్దాలి. అందుకే నేను వెళ్లిన ఇంట్లో ఆమె వచ్చి కూర్చునేదాకా కాగితం తెరవను. దీన్ని పాత పద్ధతి అంటే అననీ. ఎవరి దగ్గరా ఫీజు తీసుకోకుండా ఇన్నాళ్లూ నేర్పింది ఈ పద్ధతినే. పుత్తూరు, శ్రీకాళహస్తి, పీలేరు నుంచి వచ్చి నేర్చుకున్న ఆడపిల్లలు ఇవాళ సొంతంగా బేరాలు కుదురుస్తున్నారు. తమ కమీషన్ తమ చేతితోనే తీసుకుంటున్నారు.

ఈ ఆదివారం నా దగ్గర చెప్పేది ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) చదవడం, లింకు దస్తావేజులు, అంటే అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు సరిచూసుకోవడం. మీ దగ్గర ఏ భూమివైనా 1బి, అడంగల్ లాంటి రెవెన్యూ రికార్డులు, పాత దస్తావేజులు ఉంటే జిరాక్సు తీసుకుని రండి, ఆధార్ అంకెలు కొట్టేసి మరీ. ఆ క్లాసుకు డబ్బు కట్టినవాళ్లు కూడా రావచ్చు, మీ మీద నాకు కోపం లేదు. ఎక్కడైనా అగ్రిమెంటులో ఇరుక్కుని గడువు దాటిపోయిన రైతులు మీకు తెలిసి ఉంటే వాళ్లనూ వెంటబెట్టుకుని రండి. ముందు వాళ్ల కాగితాలు చూద్దాం, పాఠం తర్వాత.