పడవలు పోయిన కర్నూలు, పడవలు వచ్చిన గండికోట

కర్నూలు వినాయక ఘాట్ మెట్ల మీద కూర్చుంటే ఎదురుగా పారేది కేసీ కెనాల్, అంటే కర్నూలు-కడప కాలువ. నిమజ్జనం నాడు ఊరంతా ఇక్కడే ఉంటుంది. తక్కిన రోజుల్లో ఈ కాలువను కన్నెత్తి చూసేవాళ్లు తక్కువ. పొలాలకే కాదు, పడవలకూ అని దీన్ని తవ్వారంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. 1863లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పని మొదలుపెట్టింది. సుంకేసుల నుంచి కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా పొడవు. సాగునీటి పన్నుతో పాటు సరుకు పడవల కిరాయి మీద కూడా కంపెనీ ఆశ పెట్టుకుంది. రెండూ అనుకున్నంత రాలేదు. 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది. కాలక్రమంలో పడవలు పోయి, కాలువ సాగుకే మిగిలింది.

కాలువ కంటే ముందే కర్నూలు రేవు ఊరు. అలంపురం గుడికి రాళ్లు తోలే బండ్లు తుంగభద్ర దాటబోయే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవనీ, అందుకే కందెనవోలు అన్న పేరు వచ్చిందనీ పెద్దలు చెబుతారు. కథే కావచ్చు. ఏరు దాటే చోట నలుగురికి పని దొరికి ఊరు నిలబడిందన్నది మాత్రం నమ్మదగ్గ మాట.

గండికోటది వేరే దారి. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయిన లోయ అది. దానికి ఎగువన కట్టిన జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. అందులో నిండేది ఎక్కువగా పెన్న నీళ్లు కాదు. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, అవుకు మీదుగా వచ్చే కృష్ణ నీళ్లు. శని, ఆదివారాల్లో బెంగళూరు, హైదరాబాద్ కార్లు వరుస కడతాయి. గుడారాలు, పడవ షికార్లు, సూర్యోదయం ఫొటోలు. పర్యాటక అభివృద్ధికి 2024లో కేంద్రం దాదాపు 78 కోట్లు మంజూరు చేసింది. రేవు ఊరు కాస్తా పాతబడింది, విడిది ఊరు పుట్టుకొస్తోంది. సంతోషమే. కానీ ఆ నీళ్ల కింద ఊళ్లున్నాయి. 2020లో తాళ్ల ప్రొద్దుటూరు వీధుల్లోకి నీళ్లు వచ్చినప్పుడు జనం ఇళ్లు వదల్లేక వదల్లేక కదిలారు.

కిందటేడు జలాశయం గట్టు మీద ఒక పెద్దాయన కనిపించాడు. మొక్కజొన్న కంకులు కాల్చి అమ్ముతున్నాడు. విసనకర్రతో బొగ్గులు విసురుతూనే నీళ్లకేసి చెయ్యి చూపించాడు. "మా ఇల్లు ఆడుండేది నాయనా. వాకిట్లో చింతచెట్టు. ఇప్పుడు దాని మీద బోటు తిరుగుతాంది." ఆ బోటు ఎప్పుడైనా ఎక్కావా అని అడిగితే తల అడ్డంగా ఊపి, కంకికి ఉప్పూ కారం రాసి నా చేతికిచ్చాడు.

నాకు ఈ రెండు ఊళ్ల మధ్య తేడా అక్కడే తెలిసింది. రేవులో పడవ ఊరివాళ్ల బతుకుతెరువు. విడిదిలో పడవ వచ్చిపోయేవాళ్ల సరదా. సరదా తప్పని నేననను. ఆ సరదా మీద వచ్చే డబ్బు ఎవరి ఇంటికి చేరుతోందన్నదే నా పట్టింపు. బోటు నడిపే పని, గుడారాల లీజు, గైడు శిక్షణ ముంపు గ్రామాల పిల్లలకే ముందు దక్కాలి. పరిహారం ఇచ్చేశాం కదా అంటే చాలదు. పరిహారం ఒక్కసారి వస్తుంది, టికెట్ డబ్బు రోజూ వస్తుంది.

కర్నూలుకు నీటితో తగువు ఇంకో రకం. మా ఇంటి గోడ మీద 2009 అక్టోబరు నాటి వరద గీత సున్నం కింద నుంచి ఇప్పటికీ లీలగా కనిపిస్తుంది. అప్పటి నుంచి తుంగభద్ర అంటే మాకు భయం. 2024 ఆగస్టులో హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్ 19వ నంబర్ గేటు కొట్టుకుపోయిందని తెలిసిన రాత్రి మా వీధిలో చాలా ఇళ్లలో లైట్లు ఆరలేదు. వేసవిలో అదే ఏరు ఇసుక మేటగా మారుతుంది. అటు భయం, ఇటు కరువు. మధ్యలో ఏటి ఒడ్డు మురుగుకాల్వల పాలైంది. 2020 పుష్కరాలకు వేసిన ఘాట్లైనా రోజూ ఊడ్చి, దీపాలు వెలిగించి, సాయంత్రం పూట ఆడవాళ్లూ పిల్లలూ నిర్భయంగా కూర్చునేలా ఉంచితే, ఏరు మళ్లీ ఊరిదవుతుంది. దీనికి కోట్లు అక్కర్లేదు. నలుగురు పారిశుధ్య కార్మికులు, ఒక కాపలాదారు, హంద్రీ నది తుంగభద్రలో కలిసే చోట మురుగును ఆపే ఏర్పాటు ఉంటే మొదలుపెట్టొచ్చు.