పిల్లకు కాదు, పెద్దలకు పెట్టండి పరీక్ష

నల్లపిల్లను తెల్ల దంపతులు దత్తత తీసుకునే మాట వచ్చినప్పుడల్లా "ప్రేమకు రంగు లేదు" అంటారు, అది వింటే నాకు ఒళ్లు మండుతుంది. ప్రేమకు లేకపోవచ్చు, పిల్లకు ఉంది. ఆ పిల్ల రేపు బడికి వెళ్లాలి. దుకాణంలో అడుగుపెడితే కాపలా మనిషి తన వెనకాలే నడవడం గమనించాలి. పదహారేళ్లు వచ్చాక కారు తీసుకుని బయటికి వెళ్లాలి. పోలీసు ఆ కారు ఆపిన రాత్రి పక్క సీట్లో తెల్ల తల్లిదండ్రులు కూర్చుని ఉండరు. దత్తత కాగితాలు కారులో పెట్టుకుని ఎవరూ తిరగరు.

అలాగని "ఏ జాతి పిల్లను ఆ జాతివాళ్లే పెంచాలి" అనేవారితోనూ నాకు పొసగదు. తగిన జాతి ఇల్లు దొరికేదాకా బిడ్డ ఒక ఫోస్టర్ ఇంటి (ప్రభుత్వం పిల్లలను తాత్కాలికంగా ఉంచే కుటుంబం) నుంచి ఇంకో ఫోస్టర్ ఇంటికి బట్టల సంచితో తిరుగుతూనే ఉండాలన్నమాట. పద్దెనిమిదో, ఇరవై ఒకటో నిండగానే ప్రభుత్వం చేతులు దులుపుకుంటుంది. ఆ తర్వాత పండగ వస్తే ఎవరింటికి వెళ్లాలో తెలియని మనిషికి జాతి గౌరవం గురించి ఉపన్యాసం ఇవ్వడానికి నాకైతే నోరు రాదు.

నేను అనేది ఇది: జాతి కారణంగా ఏ బిడ్డకూ ఇల్లు ఆగిపోకూడదు. కానీ ఆ బిడ్డను తీసుకోవడానికి వచ్చిన పెద్దలను మాత్రం జాతి గురించి నిలబెట్టి అడగాలి, గట్టిగా అడగాలి. నేను ఉంటున్న అమెరికాలో చట్టం ఈ రెండో మాటకు సరిగ్గా తలకిందులుగా నడుస్తోంది.

1972లో నల్లజాతి సోషల్ వర్కర్ల జాతీయ సంఘం, నల్లపిల్లలను తెల్ల కుటుంబాలకు ఇవ్వడాన్ని తీవ్రంగా వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. దాన్ని ఇవాళ చాలామంది జాత్యహంకారంగా కొట్టిపారేస్తారు. అప్పటి సంగతులు చూడాలి. చాలా దత్తత సంస్థలు నల్ల కుటుంబాలను గడప దాటనిచ్చేవి కావు. సొంత ఇల్లు ఉందా, జీతం ఎంత, ఫీజు కట్టగలరా అంటూ తెల్ల మధ్యతరగతి కొలతలతో కొలిచి, సరిపోలేదని పంపేసేవి. పంపేశాక "నల్లపిల్లలకు నల్ల ఇళ్లు దొరకడం లేదు" అని నిట్టూర్చేవి. అమ్మమ్మ, మేనత్త, పక్కింటి పెద్దావిడ కలిసి పిల్లలను పెంచుకునే అలవాటు ఆ సమాజంలో బానిసత్వం నాటి నుంచీ ఉంది. దానికి కాగితం లేదు కాబట్టి లెక్కలోకి రాలేదు. ఆ కోపంలోంచి పుట్టిన తీర్మానం అది. కోపం న్యాయమైనదే. కానీ దాని ఫలితంగా, ఏడాదుల తరబడి పెంచిన తెల్ల ఫోస్టర్ తల్లి చేతుల్లోంచి పిల్లలను లాగి, రంగు కలిసిన కొత్తవారికి అప్పగించిన సందర్భాలూ వచ్చాయి. పిల్లకు అది మరో తల్లి పోవడమే కదా.

దానికి విరుగుడుగా 1994లో మల్టీఎథ్నిక్ ప్లేస్‌మెంట్ చట్టం వచ్చింది. తెచ్చినాయన మా ఒహాయో సెనేటరే, హోవర్డ్ మెట్జెన్‌బామ్. జాతి కారణంగా దత్తతను ఆలస్యం చేయకూడదు, నిరాకరించకూడదు అన్నది దాని సారం. అయినా జాతిని అనేక అంశాల్లో ఒకటిగా చూడవచ్చన్న వెసులుబాటు మొదట్లో ఉండేది. 1996 సవరణ దాన్నీ తీసేసింది. 2003లో ఇదే ఒహాయోలో, సిన్సినాటి ఉన్న హామిల్టన్ కౌంటీ వ్యవహారంలో జాతి పేరుతో దత్తతలు ఆలస్యం చేశారని కేంద్రం 18 లక్షల డాలర్ల జరిమానా వేసింది. దాంతో సోషల్ వర్కర్ల నోళ్లు మూతపడ్డాయి. నల్లపిల్లను తీసుకోబోయే తెల్ల దంపతులకు మాత్రమే ప్రత్యేక శిక్షణ తప్పనిసరి చేస్తే అది కూడా వివక్షే అవుతుంది. పిల్ల జుట్టు ఎలా చూసుకుంటారని అడగాలన్నా వెనకాముందూ చూసుకోవాలి.

ఇందులో అసలు తమాషా ఏమిటంటే, పెద్దలు మాత్రం తమకు ఏ రంగు పిల్ల కావాలో నిక్షేపంగా చెప్పుకోవచ్చు. దరఖాస్తులోనే గడులు ఉంటాయి. ఒకసారి మాకు తెలిసిన తెలుగు దంపతులు ఆ కాగితాలు నింపుతుంటే పక్కనే కూర్చున్నాను. తెల్ల, ఆసియా, స్పానిష్ మాట్లాడేవారి సంతతి: మూడింటికీ టిక్కు. నల్ల: ఖాళీ. మిశ్రమ జాతి అన్న గడి దగ్గర కలం ఆగింది. "ఏది, ఏది కలిసిందో రాయలేదే," అన్నాడాయన. "స్పానిష్ కలిస్తే ఫరవాలేదు, చూడటానికి మనలాగే ఉంటారు," అన్నది ఆవిడ. ఇద్దరూ చదువుకున్నవారు, మంచివారు, ఆఫీసులో వర్ణవివక్ష ఎదురైతే నాకు ఫోన్ చేసి బాధపడేవారు. ఆ గడి దగ్గర వాళ్లను ఆపి ఎందుకని అడిగేవారు లేరు. వినియోగదారుడికి ఎంపిక ఉంది. పిల్ల తరఫున ప్రశ్న అడగడానికే భయం.

ప్రైవేటు దత్తత సంస్థల్లో ఇంకా సిగ్గుమాలిన సంగతి ఉంది. నల్లజాతి శిశువుకు ఒక ఫీజు, తెల్ల శిశువుకు అంతకంటే ఎక్కువ ఫీజు వసూలు చేసిన సంస్థలు ఈ దేశంలో ఉన్నాయి. పత్రికల్లో, రేడియోలో వచ్చిన విషయమే. గిరాకీని బట్టి ధర. ఇక రంగు కనబడదంటూ కబుర్లు ఎవరికి చెబుతారు?

1994 చట్టంలోనే ఇంకో షరతు ఉంది. పిల్లల జాతులకు తగినట్టుగా ఆయా సమాజాల నుంచి ఫోస్టర్, దత్తత కుటుంబాలను శ్రద్ధగా వెతికి చేర్చుకోవాలి అని. నల్ల చర్చిల దగ్గరికి వెళ్లండి, సాయంత్రాలు ఆఫీసు తెరవండి, ఫీజులు తగ్గించండి అని దాని అర్థం. ఆ పని చేయకపోతే కొరడా తీసేవారు లేరు. 2008లో డొనాల్డ్‌సన్ దత్తత అధ్యయన సంస్థ ఈ అసమానతనే ఎత్తిచూపింది. జాతిని మళ్లీ ఒక అంశంగా చూడనివ్వాలని, కుటుంబాలకు శిక్షణ ఇవ్వనివ్వాలని సిఫారసు చేసింది. ఇన్నేళ్లయినా ఆ పేజీ కదలలేదు.

ఇక్కడ కొందరు నేటివ్ అమెరికన్ (అమెరికా ఆదివాసీ) పిల్లల చట్టాన్ని తెచ్చి కలుపుతారు. అది వేరే కథ. 1958 నుంచి 1967 వరకు ప్రభుత్వమే ఒక పథకం పెట్టి 395 మంది నేటివ్ పిల్లలను ఎక్కువగా తెల్ల కుటుంబాలకు ఇప్పించింది. దానికి తోడు రాష్ట్రాల సంక్షేమ శాఖలు పేదరికాన్నే నిర్లక్ష్యంగా రాసుకుని పిల్లలను తీసుకుపోయాయి. 1970ల నాటికి 25 నుంచి 35 శాతం పిల్లలు కుటుంబాలకు దూరమయ్యారని కాంగ్రెస్ ముందుకు లెక్కలు వచ్చాయి. అందుకే 1978లో చట్టం చేసి, ముందు బంధువులకు, తర్వాత తెగవారికి ప్రాధాన్యం ఇవ్వాలన్నారు. 2023లో సుప్రీంకోర్టు 7–2 తీర్పుతో ఆ చట్టాన్ని నిలబెట్టింది. ఇది జాతి వివక్ష కదా అన్న ప్రశ్న జోలికి మాత్రం పోలేదు. ఆ తెగలకు సొంత ప్రభుత్వాలు ఉన్నాయి. పిల్ల అక్కడ పౌరురాలు. రంగు సరిపోల్చడానికీ దీనికీ ముడిపెట్టడం తొందరపాటు.

రంగు సరిపోల్చడం ఎంత దూరం పోతుందో చూడాలంటే ఇంగ్లండ్ వెళ్లాలి. సందీప్, రీనా మాండర్ అక్కడే పుట్టి పెరిగిన సిక్కు దంపతులు. ఏ జాతి బిడ్డనైనా తీసుకుంటామన్నారు. బర్క్‌షైర్ దత్తత సేవలవారు, మా దగ్గర ఉన్నది తెల్లపిల్లలే, మీ మూలాలు భారతదేశానివి కాబట్టి అక్కడి నుంచి తెచ్చుకోండి అన్న ధోరణిలో సమాధానం ఇచ్చారు. వాళ్లు కోర్టుకెక్కి 2019లో గెలిచారు. సుమారు 1,20,000 పౌండ్ల పరిహారం వచ్చింది. విచిత్రం ఏమిటంటే, ఇంగ్లండ్ చట్టంలో జాతి, మతం, భాషలను పరిగణించాలన్న నిబంధనను 2014లోనే తీసేశారు. అక్షరం పోయినా ఆఫీసుల్లో అలవాటు పోలేదు.

"మనవాళ్లు" పెంచితే అంతా సవ్యంగా ఉంటుందనేవారి కోసం ఇంకో సంగతి. కొరియా యుద్ధం ముగిశాక అక్కడి నుంచి విదేశాలకు పంపిన తొలి పిల్లల్లో ఎక్కువమంది అమెరికన్ సైనికులకు కొరియన్ తల్లులకు పుట్టినవారు. ఒకే రక్తం అన్న గర్వమున్న సమాజానికి వాళ్లు కంటగింపు. ఆ దారి ఒకసారి పడ్డాక పెళ్లికాని తల్లుల బిడ్డలు, పేదల బిడ్డలు 1,40,000 మందికి పైగా విమానాలెక్కారు. 2025 మార్చిలో కొరియా సత్యశోధన కమిషన్, తల్లిదండ్రులున్న పిల్లలను అనాథలుగా రాసిన తప్పుడు కాగితాలకు ప్రభుత్వం కూడా బాధ్యురాలని తేల్చింది. సొంత జాతి వద్దన్నందుకే పరాయి జాతి చేతికి వెళ్లారు.

మన దగ్గరా అంతే. 1999లో, మళ్లీ 2001లో, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో దత్తత కుంభకోణాలు బయటపడ్డాయి. తెలంగాణ తండాల్లో లంబాడీ తల్లుల దగ్గర ఆడశిశువులను దళారులు నామమాత్రపు డబ్బుకు కొని సంస్థలకు చేర్చారు. అక్కడి నుంచి పిల్లలు అమెరికా, యూరప్ వెళ్లారు, వేల డాలర్ల చొప్పున. ప్రభుత్వం అప్పుడు మేలుకొని నిబంధనలు బిగించింది. అలబామాలో ఒక లా ప్రొఫెసర్ 1998లో ఆంధ్రప్రదేశ్ నుంచి అక్కాచెల్లెళ్లను దత్తత తీసుకున్నారు. తమను తల్లి చదువు కోసం హాస్టల్‌లో చేర్చిందని, వదిలేయలేదని ఆ పిల్లలు చెప్పారు. ఆ మాట నిజమని తేలడానికి ఏళ్లు పట్టింది. ఆయన ఆ తర్వాత ఈ రంగంలోని అక్రమాల మీదే రాస్తూ వచ్చారు. తెల్లవాళ్లు ఎత్తుకుపోయారని మనం గుండెలు బాదుకోవచ్చు. కొన్నది, అమ్మింది, కాగితాలు రాసింది, సంతకాలు పెట్టింది మాత్రం మనవాళ్లే. తండా ఆడపిల్లకు విలువ లేదని మనం ముందే తీర్మానించుకున్నాం కాబట్టే ఆ వ్యాపారం సాగింది.

అలా వచ్చిన ఒక అమ్మాయిని మా ఊళ్లో చూశాను. ఆదివారం తెలుగు తరగతికి ఒక తెల్లావిడ పదకొండేళ్ల కూతురిని తీసుకొచ్చింది. పిల్ల ఛామనఛాయ, పట్టు లంగా కొత్తది, నాడా ముందువైపు ముడేసి ఉంది. యూట్యూబులో చూసి కట్టానని తల్లి నవ్వింది. ఆవిడకు తెలుసు తను ఇవ్వలేనిది ఏదో ఉందని. దాని కోసం నలభై మైళ్లు కారు నడిపి మా దగ్గరికి వచ్చింది. మేము ఏమి ఇచ్చాము? వరండాలో టిఫిన్లు సర్దుతున్న ఇద్దరు ఆంటీలు పిల్ల తల మీదుగానే మొదలుపెట్టారు. "ఏ ఊరి పిల్లో అడిగారా?" "ఊరు సరే, ఎవరి పిల్లో ఏమిటో." "ముక్కు చూస్తే తెలియడం లేదూ." ఆ పిల్లకు తెలుగు రాదు. ముక్కు తడుముకుంది. మరుసటి వారం వాళ్లు రాలేదు.

కాబట్టి రంగు కలిసినంత మాత్రాన పిల్లకు ఊరు దొరుకుతుందని నేను నమ్మను. యశోదను ఉదాహరణగా తెచ్చేవారికీ ఇదే సమాధానం. నల్లనయ్యకు ఆ తల్లితో పాటు వ్రేపల్లె మొత్తం దొరికింది, ఎవరి కొడుకువని నిలదీసినవారు లేరు. ఇవాళ ఏ తల్లికైనా కావలసింది ఆ వ్రేపల్లే. అది తెల్లవాళ్ల పేటలో ఉండకపోవచ్చు, మన అసోసియేషన్ హాల్లో కూడా ఉండకపోవచ్చు.

నా చేతిలో ఉంటే హోమ్ స్టడీకి, అంటే దత్తతకు ముందు ఇంటిని, మనుషులను చూసి రావడానికి వెళ్లే సోషల్ వర్కర్‌కు నాలుగు ప్రశ్నలు రాసిచ్చి, ఏ జాతివారినైనా, ఎవరినీ మినహాయించకుండా అడగమంటాను. అందరినీ అడిగితే వివక్ష అన్న పేచీ కూడా ఉండదు. ఈ పిల్లలాంటి ముఖాలు మీ వీధిలో, మీ బడిలో ఎన్ని ఉన్నాయి? లేకపోతే ఇల్లు మారడానికి సిద్ధమా? పిల్ల రంగున్న పెద్దవాళ్లు మీ ఇంటికి భోజనానికి వస్తారా, లేక ఇల్లు ఊడవడానికే వస్తారా? థాంక్స్‌గివింగ్ పండగ నాడు మీ నాన్నగారు నోరు జారితే భోజనం మధ్యలో లేచి పిల్లను తీసుకుని వచ్చేస్తారా? చెప్పలేకపోతే తిరస్కరించమని కాదు. ఆరు నెలల గడువు, ఒక శిక్షణ, అదే దారిలో నడిచి పెద్దయిన దత్తత పిల్లలతో నాలుగు సాయంత్రాలు ఇచ్చి మళ్లీ రమ్మనాలి. ఈలోగా బిడ్డ ఆ ఇంట్లోనే ఫోస్టర్‌గా ఉండవచ్చు, ఆపాల్సిన పనిలేదు.

తెలుగు దంపతులకు మాత్రం ఐదో ప్రశ్న కూడా కలపాలి. ఎన్ఆర్ఐలకు భారతదేశంలో దత్తతకు అక్కడివారితో సమానంగానే వరుస ఉంది కాబట్టి మనవాళ్లు చాలామంది ఆ వరుసలో నిలబడుతున్నారు. బిడ్డ ఫోటో వచ్చిన రోజు రాత్రి అత్తగారు వీడియో కాల్‌లో కళ్లజోడు సవరించుకుని, "రంగు సంగతి సరేనమ్మా, ఏమిట్లవాళ్లో కనుక్కున్నారా?" అంటే, మీరు ఏం చెబుతారు?